పిల్లల వైద్య నిర్లక్ష్య పరిహారం: హుజూర్‌నగర్ ప్రాంతం ఆధారంగా

వైద్యులు, నర్సులు, ఆసుపత్రి యాజమాన్యం చూపవలసిన కనీస శ్రద్ధ లోపించి, కాన్పులో గాని చికిత్సలో గాని పద్దెనిమిదేళ్లలోపు బిడ్డకు గాయం, వైకల్యం లేదా మరణం సంభవించినప్పుడు చట్టప్రకారం రాబట్టుకునే సొమ్మును పిల్లల వైద్య నిర్లక్ష్య పరిహారం అంటారు. ఇందుకోసం భారతదేశంలో ప్రత్యేక చట్టం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, సివిల్ కోర్టులు అనుసరించే అపకృత్య (టార్ట్) న్యాయం, హైకోర్టుల రిట్ అధికారం అనే మూడు దారుల్లో ఈ పరిహారం వస్తుంది. సూత్రాల వరకు పెద్దల కేసుకూ పిల్లల కేసుకూ తేడా తక్కువ. అసలు తేడా కాలంలో ఉంది. పసిబిడ్డకు జరిగిన హాని కొన్ని నెలలకో ఏళ్లకో గాని బయటపడదు, ఆ తర్వాత అరవై డెబ్బై ఏళ్లు వెంట ఉంటుంది. గడువులు, రికార్డులు, లెక్కలు మాత్రం పెద్దవాళ్ల కేసులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఈ రంగంలోని చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

ప్రాంతం, వైద్య మార్గం

హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం, మున్సిపాలిటీ. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. పట్టణంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఊళ్లు, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు.

జ్వరంతో ఉన్న బిడ్డను ముందు ఊళ్లోని ఆర్‌ఎంపీకి, అంటే వైద్య పట్టా లేని ఊరి డాక్టరుకు, చూపిస్తారు. తగ్గకపోతే పట్టణంలోని పిల్లల డాక్టరు దగ్గరికో ఏరియా ఆసుపత్రికో తీసుకెళతారు. అక్కడి నుంచి 2019లో మెడికల్ కాలేజీ వచ్చిన సూర్యాపేటకో మిర్యాలగూడకో ఖమ్మానికో పంపుతారు. చివరి మజిలీ హైదరాబాదులోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి. ఒకే బిడ్డను రెండు మూడు రోజుల్లో నలుగురైదుగురు చూసిన సందర్భాల్లో తప్పు ఎక్కడ జరిగిందన్నదే మొదటి వివాదమవుతుంది. ఆలస్యంగా తెచ్చారని పై ఆసుపత్రి, బాగున్నప్పుడే పంపామని కింది ఆసుపత్రి చెబుతాయి. ఏ గంటకు ఏ స్థితిలో పంపారో రాసి ఉండే రిఫరల్ చీటీ ఇలాంటి కేసుల్లో డిశ్చార్జి సమ్మరీతో సమానమైన సాక్ష్యం. చాలా ఇళ్లలో అది అంబులెన్సులోనే పోతుంది.

ఆర్‌ఎంపీ విషయంలో న్యాయసూత్రం కొంత సూటిగా ఉంది. తనకు అర్హత లేని వైద్య విధానంలో చికిత్స చేయడమే నిర్లక్ష్యమని, దాన్ని వేరే నిరూపించనక్కర లేదని సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో చెప్పింది. ఆ కేసులో హోమియోపతి వైద్యుడు అల్లోపతి మందులు ఇచ్చాడు. కేసు గెలిచినా ఆర్‌ఎంపీ దగ్గర వసూలు చేసుకోగల ఆస్తి గాని బీమా గాని ఉండడం అరుదు.

చరిత్ర

1986లో వినియోగదారుల రక్షణ చట్టం రాకముందు ఇలాంటి వ్యాజ్యాలన్నీ సివిల్ కోర్టులకే వెళ్లేవి. కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి విచారణ కారణంగా పల్లెల నుంచి వెళ్లినవారు తక్కువ. వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చాక పరిస్థితి మారింది. 2019 నాటి కొత్త చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. అందులోని సేవ నిర్వచనంలో వైద్యం అనే మాట లేకపోయినా వైద్యులు దాని పరిధిలోనే ఉన్నారని 2022లో ఖరారైంది. వి.పి. శాంత తీర్పును తిరిగి పరిశీలించాలని 2024 మేలో ఒక ధర్మాసనం అభిప్రాయపడగా, ఆ అవసరం లేదని అదే ఏడాది నవంబరులో త్రిసభ్య ధర్మాసనం తోసిపుచ్చింది.

పిల్లల విషయంలో మూలస్తంభం వంటిది 1998 మార్చి 25 నాటి స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి తీర్పు. ఢిల్లీలోని ఆ ఆసుపత్రిలో 1993 డిసెంబరులో టైఫాయిడ్‌తో చేరిన బాలుడికి నర్సు ఒక మందు బదులు మరో మందును నరానికి ఎక్కించింది. గుండె ఆగి మెదడు దెబ్బతిన్నది. జాతీయ వినియోగదారుల కమిషన్ బాలుడికి 12.5 లక్షలు, తల్లిదండ్రుల మనోవేదనకు విడిగా 5 లక్షలు ఇచ్చింది. డబ్బు కట్టిన తల్లిదండ్రులు, సేవ పొందిన బిడ్డ ఇద్దరూ వినియోగదారులేనని, ఇద్దరికీ వేర్వేరుగా పరిహారం ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు సమర్థించింది. పిల్లల కేసుల్లో తల్లిదండ్రులు తమ పేరున కూడా పరిహారం కోరడానికి ఆధారం ఈ తీర్పే.

తెలుగు నేల నుంచి వెళ్లిన రెండు కేసులు దేశమంతటికీ దారి చూపాయి. మొదటిది హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి కేసు. బాధితుడు పిల్లవాడు కాదు, 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి. 1990 అక్టోబరులో ఛాతీలోని కణితికి శస్త్రచికిత్స జరిగాక నడుము కింది భాగం చచ్చుబడింది. న్యూరోసర్జన్‌ను సంప్రదించలేదని, పరీక్షకు ముక్క తీయడానికి తీసుకున్న అంగీకారంతో కణితినే తొలగించారని తేలింది. 2009 మే 14న సుప్రీంకోర్టు కోటి రూపాయలు, దానిపై వడ్డీ ఇవ్వాలని తీర్పు చెప్పింది. జీవితాంతం చక్రాల కుర్చీలో ఉండే యువకుడి అవసరాలు రోడ్డు ప్రమాదాల గుణక పద్ధతికి (ఏడాది మొత్తాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చించే లెక్కకు) అందవని అన్నది. చిన్న వయసులో శాశ్వత వైకల్యం పొందినవారి కేసుల్లో ఈ మాటను తరచుగా ఉటంకిస్తారు. రెండోది నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కేసు. మలేరియాకు టైఫాయిడ్ చికిత్స జరిగి ఒక మహిళ మరణించింది. ఫిర్యాదుదారు, అంటే ఆమె భర్త, మలేరియా విభాగంలోనే ఉద్యోగి కావడం గమనార్హం. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010 మార్చి 8న సుప్రీంకోర్టు ఇందులో స్పష్టం చేసింది.

హాని రకాలు

కాన్పు సమయపు హాని. "పుట్టగానే ఏడ్వలేదు", "ఉమ్మనీరు తాగిండు", "బాక్సులో పెట్టిన్రు" అని తల్లులు చెప్పే మాటల వెనుక ఉండేది చాలావరకు పుట్టుకలో ఊపిరాడకపోవడం. మెదడుకు ప్రాణవాయువు తగ్గితే సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ, బుద్ధిమాంద్యం రావచ్చు. అయితే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కారణం కాన్పులో తప్పిదం కాదు. నెలలు నిండకపోవడం, గర్భంలో సోకిన ఇన్ఫెక్షన్లు, జన్యులోపాలు కూడా కారణాలే. అందుకే నొప్పుల పురోగతిని నమోదు చేసే పార్టోగ్రాఫ్, గుండె చప్పుళ్ల నమోదు, పుట్టిన ఒకటో, అయిదో నిమిషాల్లో శిశువు స్థితిని కొలిచే ఆప్గార్ స్కోరు లేకుండా ఈ కేసులు నిలబడవు. భుజం ఇరుక్కున్నప్పుడు బలంగా లాగడంవల్ల చేతి నరాలు దెబ్బతినడం ఇదే కోవకు చెందుతుంది.

నెలలు నిండని శిశువుల చూపు. తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు ప్రాణవాయువు ఇచ్చినప్పుడు కంటి రెటీనాలో రక్తనాళాలు అపసవ్యంగా పెరిగి అంధత్వం రావచ్చు. దీన్ని ఆర్‌ఓపీ అంటారు. 34 వారాలలోపు గాని, రెండు కిలోలలోపు బరువుతో గాని పుట్టిన వారికి నెల తిరిగేలోగా కంటి పరీక్ష జరగాలన్నది దేశంలో అనుసరించే నియమం. సకాలంలో లేజర్ చేస్తే చాలామందికి చూపు నిలుస్తుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివర జంట నగరాల్లో ఈ పరీక్షలను మొదలుపెట్టింది. పరీక్ష చేయలేదన్నది కాగితం మీద సులువుగా రుజువయ్యే లోపం. పెద్ద మొత్తాల తీర్పులు ఈ జబ్బు చుట్టూ రావడానికి అది ఒక కారణం. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ ఆసుపత్రిలో 1996లో 29 వారాలకే 1,250 గ్రాముల బరువుతో పుట్టిన పాపకు ఈ పరీక్ష చెప్పకుండానే ఇంటికి పంపారు. చూపు పోయింది. జాతీయ కమిషన్ 5 లక్షలు ఇవ్వగా, 2015 జులై 1న సుప్రీంకోర్టు భవిష్యత్తు చికిత్సకు 1.38 కోట్లు, అప్పటికే అయిన ఖర్చు కింద 42,87,921 రూపాయలు మంజూరు చేసింది. ఢిల్లీలోని మహారాజా అగ్రసేన్ ఆసుపత్రి కేసులో 2019 డిసెంబరులో ఇదే కారణంతో 76 లక్షలు ఇచ్చింది.

మందులు, ఇంజెక్షన్లు. పిల్లల మోతాదును కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కిస్తారు. దశాంశ బిందువు జరిగితే మోతాదు పదింతలవుతుంది. 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న శిశువులకు పారాసిటమాల్ బదులు ట్రమడాల్ మాత్రలు చేతికిచ్చారు. ఇద్దరు పసికందులు మరణించారు, అనేకమంది నీలోఫర్‌లో చేరారు. లోపం టీకాలో లేదు, మాత్రలు పంచిన చోట ఉంది. పిరుదుకు తప్పు చోట వేసిన సూదివల్ల తుంటి నరం దెబ్బతిని కాలు ఈడ్చడం ఊళ్లలో కనిపించే మరో హాని.

పరిశోధనలో హాని. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం తదితర మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14,000 మందికి పాత్ అనే సంస్థ ఆధ్వర్యంలో పరిశోధన ప్రాజెక్టుగా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ఇచ్చారు. కొన్ని మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు గాని, ఆశ్రమ పాఠశాలల్లో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నాటి 72వ నివేదికలో తీవ్రంగా తప్పుబట్టింది. ఔషధ ప్రయోగాల్లో హానికి పరిహారం తప్పనిసరి చేస్తూ 2013లో నియమం వచ్చింది. 2019 నుంచి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి అమల్లో ఉంది.

వీటితోపాటు మత్తుమందు ప్రమాదాలు, పసికామెర్లను పట్టించుకోకపోవడం, మెదడువాపును మామూలు జ్వరమనుకోవడం వంటివి కమిషన్ల ముందుకు వస్తుంటాయి.

నిర్లక్ష్యం నిరూపణ

ఫలితం చెడ్డదైనంత మాత్రాన నిర్లక్ష్యం జరిగినట్టు కాదు. అదే రంగంలోని సగటు నిపుణుడు అదే పరిస్థితిలో చూపే శ్రద్ధ చూపారా అన్నదే కొలత. ఇది 1957 నాటి ఇంగ్లండు బోలమ్ కేసు నుంచి వచ్చింది. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు దీన్ని సమర్థించి, క్రిమినల్ కేసుకు మాత్రం ఘోరమైన నిర్లక్ష్యం కావాలన్నది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యంవల్ల మరణానికి గరిష్ఠ శిక్ష అయిదేళ్లు, రిజిస్టరైన వైద్యులకు మాత్రం రెండేళ్లు.

పోలీస్ స్టేషన్‌లో పెట్టిన కేసు పరిహారం తెస్తుందన్నది ఈ ప్రాంతంలో బలమైన అపోహ. క్రిమినల్ కేసు ఉద్దేశం శిక్ష. అలాగే తెలంగాణ వైద్య మండలి డాక్టరు రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేయగలదు గాని రూపాయి ఇప్పించలేదు. ఆ విచారణలో తేలినది మాత్రం పరిహార కేసులో సాక్ష్యంగా పనికొస్తుంది.

ఎక్కడ అడగాలి

ప్రైవేటు ఆసుపత్రి అయితే వినియోగదారుల కమిషన్. తెలంగాణలో జిల్లా కమిషన్లు ఉమ్మడి జిల్లాల వారీగా ఉన్నందున హుజూర్‌నగర్ వారికి నల్లగొండ కమిషన్ దిక్కు. పాత చట్టంలో ప్రతివాది ఉన్న చోటో ఘటన జరిగిన చోటో కేసు వేయాలి. 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోటే వేయవచ్చు. హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రి మీద నల్లగొండలో కేసు నడపగలగడం ఈ ప్రాంతానికి పెద్ద వెసులుబాటు. ఇంత అవసరమైన మార్పు గురించి పల్లెల్లో ప్రచారం లేకపోవడం విచిత్రం.

ఏ స్థాయి కమిషన్ అన్నది ఇప్పుడు కోరే పరిహారాన్ని బట్టి కాక ఆసుపత్రికి చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. చెల్లించినది 50 లక్షల వరకైతే జిల్లా, రెండు కోట్ల వరకు రాష్ట్ర, ఆపైన జాతీయ కమిషన్. చెల్లింపు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఫిర్యాదును ఆన్‌లైన్లోనూ దాఖలు చేయవచ్చు. జిల్లా కమిషన్ తీర్పుపై 45 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఓడిన ఆసుపత్రి అప్పీలుకు ముందు తీర్పు మొత్తంలో సగం జమ చేయాలి.

ఏరియా ఆసుపత్రి వంటి, అందరికీ ఉచితంగా సేవలందించే చోట వినియోగదారుల చట్టం వర్తించదు. ఇక్కడ సివిల్ దావా ఒక దారి. తన ఉద్యోగుల నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యురాలని 1996లో అచ్యుతరావు ఖోడ్వా కేసు తేల్చింది. జీవించే హక్కుకు భంగం కలిగిందంటూ అధికరణం 226 కింద హైకోర్టులో రిట్ వేయడం రెండో దారి. వాస్తవాలపై వివాదం లేనప్పుడే ఇది త్వరగా తేలుతుంది.

డబ్బు కట్టే ప్రైవేటు వైద్యానికీ ఉచిత ప్రభుత్వ వైద్యానికీ మధ్య రెండు వర్గాలున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలకు ఈఎస్ఐ ద్వారా జరిగే వైద్యం ఉచితం కాదని, జీతంలో కోత ఉంది కాబట్టి వారూ వినియోగదారులేనని సుప్రీంకోర్టు 2007లో కిశోర్‌లాల్ కేసులో చెప్పింది. ఆరోగ్యశ్రీ విషయం కొంత భిన్నం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్‌తో సహా మూడు జిల్లాల్లో మొదలైన ఈ పథకంలో రోగి తరఫున ట్రస్టు ఆసుపత్రికి చెల్లిస్తుంది. బీమా సంస్థ లేదా యజమాని చెల్లించినా అది ఉచిత సేవ కాదన్న వి.పి. శాంత తర్కం దీనికీ వర్తిస్తుందని ఫిర్యాదుదారులు వాదిస్తారు.

మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద ఉంది.

గడువు, రికార్డులు

వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. 1963 నాటి లిమిటేషన్ చట్టం సెక్షన్ 6 ప్రకారం మైనర్‌కు కాలం పద్దెనిమిది నిండాకే మొదలవుతుంది, సెక్షన్ 8 దానికి గరిష్ఠంగా మూడేళ్ల హద్దు పెట్టింది. కాగితం మీద ఇది ఉదారంగానే కనిపిస్తుంది. కానీ వైద్య వృత్తి నియమావళి ప్రకారం వైద్యుడు ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచితే చాలు. కేసు వేసే హక్కు బతికి ఉండి సాక్ష్యం కాలగర్భంలో కలిసిపోవడం ఈ రెండు నియమాల పొంతన లేమి ఫలితం. అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలన్నది అదే నియమావళి. బిడ్డ మెడ నిలపడం లేదు, కూర్చోవడం లేదు అనిపించిన రోజునే రాతపూర్వకంగా కేస్ షీటు అడగడం, ఎన్నో తీర్పులు తెలిసి ఉండడంకన్నా ఎక్కువ ఉపయోగకరం.

పరిహారం లెక్క

అయిన ఖర్చులు, మున్ముందు చికిత్స, ఫిజియోథెరపీ, సహాయకుల జీతం, ప్రత్యేక విద్య, పరికరాలు, కోల్పోయే సంపాదన, బాధ, బాల్యపు ఆనందాల లోటు, తల్లిదండ్రుల మనోవేదన అనే పద్దులుగా లెక్క వేస్తారు. పెద్దవాళ్ల కేసులో జీతం ఆధారం. మూడు నెలల బిడ్డకు జీతం లేదు, చదువు లేదు, పోల్చేందుకు గతం లేదు.

రోడ్డు ప్రమాదాల న్యాయం నుంచి కొలతలు అరువు తెచ్చుకోవడం అందుకే. 2013లో సుప్రీంకోర్టు వైకల్యం పొందిన పిల్లలకు బాధ, లోటుల కింద 10 శాతం వరకు లక్ష, 30 వరకు 3 లక్షలు, 60 వరకు 4, 90 వరకు 5, ఆపైన 6 లక్షలని సూచించింది. ఖర్చులు, సహాయకుల జీతం వీటికి అదనం. 2020లో పన్నెండేళ్ల బాలిక కేసులో ఇద్దరు సహాయకులకు నెలకు చెరి అయిదు వేలు, గుణకం 18 చొప్పున 21.6 లక్షలు లెక్కగట్టింది. గుణకాన్ని వైద్య కేసుల్లో యాంత్రికంగా వాడరాదని 2013 నాటి కునాల్ సాహా తీర్పు చెబుతుంది. ఎగ్మూరు కేసులో గుణకం బదులు పాపకు 70 ఏళ్లు వచ్చేదాకా మిగిలిన 51 ఏళ్లకు ఏటా ఒక శాతం ధరల పెరుగుదలతో లెక్క వేశారు. ఒక శాతం అన్నది మన దేశంలో ధరలు పెరిగే తీరుకు చాలా తక్కువ అంచనా. అయినా పెరుగుదలను పరిహారంలో చేర్చాలని సుప్రీంకోర్టు ఒప్పుకోవడం ముందడుగే.

లెక్కకు అందని పద్దు తల్లి కూలి. నాట్లకో పత్తి ఏరడానికో వెళ్లే తల్లి బిడ్డ కోసం ఇంటిపట్టున ఉండిపోతే ఆమె పోగొట్టుకున్న రోజులకు రసీదు ఉండదు. జీతం ఇచ్చి పెట్టుకున్న ఆయాకు పరిహారం వచ్చి, తల్లి చేసిన అదే పనికి రాకపోవడం తీర్పుల్లో తరచుగా కనిపించే అసమానత. మరణించిన బిడ్డకు ఇచ్చే మొత్తం, వైకల్యంతో బతికిన బిడ్డకు ఇచ్చేదానికంటే సాధారణంగా చాలా తక్కువ.

ఎక్స్‌గ్రేషియా, రాజీ

ఆసుపత్రి ముందు బంధువుల ధర్నా, పెద్దమనుషుల మధ్యవర్తిత్వం, కొంత నగదు, తెల్లకాగితం మీద సంతకం ఇక్కడ పరిచిత దృశ్యాలు. బిడ్డ బతికి ఉన్నప్పుడు ఇలాంటి రాజీ ప్రమాదకరం. కేసు కోర్టులో ఉంటే సివిల్ ప్రక్రియ స్మృతి ఆర్డర్ 32 ప్రకారం కోర్టు అనుమతి లేని రాజీ మైనర్‌ను కట్టిపడేయదు. కేసు లేనప్పుడు ఆ రక్షణ అందదు. ధర్నా దాడిగా మారితే 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం, ఇప్పుడు తెలంగాణలోనూ వర్తించేది, మూడేళ్ల వరకు జైలు విధిస్తుంది.

ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా దయతో ఇచ్చేది, హక్కుగా వచ్చేది కాదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం కుటుంబ నియంత్రణ శిబిరం తర్వాత నలుగురు తల్లులు మరణించినప్పుడు కుటుంబాలకు 5 లక్షలు, డబుల్ బెడ్రూం ఇల్లు, పిల్లలకు గురుకులాల్లో చదువు ప్రకటించారు. ఎక్స్‌గ్రేషియా తీసుకున్నంత మాత్రాన కోర్టుకు వెళ్లే హక్కు పోదు.

ఇతర దేశాల పద్ధతులు

జపాన్ 2009 జనవరి నుంచి కాన్పు సంబంధిత సెరిబ్రల్ పాల్సీకి తప్పు నిరూపించనక్కర లేని పథకం నడుపుతోంది. మొదట 60 లక్షల యెన్లు, తర్వాత ఇరవయ్యేళ్ల వరకు ఏటా 12 లక్షలు, కలిపి మూడు కోట్లు. ప్రతి కేసులో కారణం విశ్లేషించి నివేదిక ఇస్తారు. అమెరికాలో వర్జీనియా 1987లో, ఫ్లోరిడా 1988లో ఇలాంటివి తెచ్చాయి. బ్రిటన్ కోర్టులు ఏకమొత్తం బదులు జీవితాంతం ఏటేటా చెల్లించమని ఆదేశించగలవు. భారత కోర్టులు దాదాపు ఎప్పుడూ ఒకేసారి ఇచ్చే మొత్తాన్నే నమ్ముకున్నాయి.

సొమ్ము నిర్వహణ

మైనర్ తరఫున తల్లి, తండ్రి లేదా మరొకరు నెక్స్ట్ ఫ్రెండ్‌గా కేసు నడుపుతారు. వచ్చిన సొమ్ములో బిడ్డ వాటాను సాధారణంగా జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించి, వడ్డీని పోషణకు వాడుకోనిస్తారు. మధ్యలో పెద్ద చికిత్స వస్తే కమిషన్ అనుమతి తీసుకోవాలి. వికలాంగుల పింఛను, తెలంగాణలో 2023 జులై నుంచి నెలకు 4,016 రూపాయలు, ఈ పరిహారంతో సంబంధం లేకుండా వస్తుంది.

డిపాజిట్ గడువు పద్దెనిమిదేళ్లకు తీరుతుంది. తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువకుడు ఆ రోజు బ్యాంకులో సంతకం చేయలేడు, చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఇక సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి, అంటే హుజూర్‌నగర్ వారైతే సూర్యాపేటలో, దరఖాస్తు చేసి మళ్లీ సంరక్షకులుగా నియామకం పొందాలి. నియమితులైనవారు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఆపైన ఏటా లెక్కలు ఆ కమిటీకి సమర్పించాలి. ఈ చట్టం సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే పరిమితం. ఆర్‌ఓపీతో చూపు మాత్రమే కోల్పోయిన యువతి పద్దెనిమిది నిండాక తన సొమ్మును తానే నిర్వహించుకుంటుంది.